పురిత టీచర్‌కు పెట్టిన వీడ్కోలు విందులు

ఐదో నెల ముగిసే శుక్రవారం పురిత మాగ్సినోకు వీడ్కోలు విందు జరుగుతుంది. బల్ల మీద పెద్ద పళ్ళెంలో పన్సిత్ ఉంటుంది. ఆ పొడుగాటి నూడుల్స్ తింటే ఆయుష్షు కూడా అంత పొడుగవుతుందని ఇక్కడి ఫిలిపినోల నమ్మకం. దాని పక్కన కేకు. కేకు మీద గులాబీ రంగు క్రీముతో ‘థాంక్యూ టీచర్ పురి’ అని రాసి ఉంటుంది. తోటి టీచర్లలో ఒకరిద్దరు కళ్ళు తుడుచుకుంటారు. డైరెక్టరు ఆమెను గట్టిగా కౌగిలించుకుంటుంది. అందరూ కలిసి ఫోటో దిగుతారు. సోమవారం నుంచి పురితకు ఉద్యోగం ఉండదు.

నెల తిరిగాక డైరెక్టరు దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది. “ఎప్పుడొస్తున్నావే? నువ్వు లేక స్కూలు బోసిపోయింది.” పురిత వెళ్ళి, నిన్నగాక మొన్న ఊర్నించి వచ్చిన పిల్లలా కొత్త ఒప్పందం మీద సంతకం పెడుతుంది. మళ్ళీ ఐదు నెలలు. మళ్ళీ పన్సిత్, మళ్ళీ కేకు.

ఆరు నెలలు దాటి పని చేయించుకుంటే ఆ మనిషి శాశ్వత ఉద్యోగి అవుతుందని ఈ దేశపు చట్టం చెబుతోంది. అందుకే ఐదో నెల దగ్గర విందు. ఈ ఏర్పాటు ఒక్క పురితకే కాదు. బట్టల దుకాణాల్లో నిలబడే ఆడపిల్లలకూ, కోడికూర వేయించే కుర్రాళ్ళకూ, గోదాముల్లో మూటలు మోసేవాళ్ళకూ ఇదే బతుకు. అయితే వాళ్ళను పంపించేటప్పుడు ఎవరూ కౌగిలించుకోరు. పురితను కౌగిలించుకుని మరీ పంపించేవారు. ఆమె కూతురు లిగాయా పలక పట్టుకుని బడికి వెళ్ళే రోజుల్లో మొదలైన ఈ విందులు, ఆ పిల్ల సూపర్‌మార్కెట్ గల్లాపెట్టె దగ్గర నిలబడి తన ఐదు నెలలు తాను లెక్కపెట్టుకునే వయసు వచ్చినా ఆగలేదు.

ఇంకో సంగతి. విందుకూ ఫోనుకూ మధ్య నెలలో ఉద్యోగం ఉండదన్నాను గానీ, ఆ నెలలో పురిత ఖాళీగా ఉండేది కాదు. విదేశీయులకు ఫిలిపినో నేర్పే స్కూలు అది. నేర్చుకునేవాళ్ళు నెల మధ్యలో ఆగమంటే ఆగుతారా? అందుకని ఆ నెలంతా పాఠాలు డైరెక్టరుగారింటి గ్యారేజీలో నడిచేవి. కారు బయట పెట్టి, లోపల నాలుగు కుర్చీలు వేసి, ఫ్యాను తిప్పి, “నా కోసం కాస్త చూసుకోవే, మనం మనం ఒకటి కదా,” అనేది డైరెక్టరు. నెలాఖరున చేతిలో పెట్టేదాన్ని జీతం అనకూడదు, చిరుతిళ్ళ ఖర్చు అనాలి. దీన్ని ఆప్యాయత అనుకుని పురిత తలవంచుకుని భరించింది. నాకు తెలిసి దీనికి ఒకటే పేరుంది, దోపిడీ.

ఎందుకు భరించిందని అడిగేవాళ్ళకు ఒక్కటే జవాబు. ఆ డైరెక్టరు విసితాసియోన్ అల్కరాస్, ఊరందరికీ మామ్ సియోనీ, లిగాయాకు జ్ఞానతల్లి. గుళ్ళో ఫాదర్ నీళ్ళు పోస్తున్నప్పుడు పసిబిడ్డను ఎత్తుకుని నిలబడింది ఆమే. ఆ రోజు నుంచి బిడ్డ కన్నతల్లీ, జ్ఞానతల్లీ ఒకరినొకరు ‘మారే’ అని పిలుచుకుంటారు. అది వియ్యపురాలి కంటే, ఒక్కోసారి తోడబుట్టినదాని కంటే దగ్గర చుట్టరికం. మారే మీద ఫిర్యాదు చేయడమంటే అన్నం పెట్టిన చేతిని కొరకడమే. ఇక్కడి పెద్ద మనుషులకు ఈ సంగతి బాగా తెలుసు. పనివాళ్ళ పెళ్ళిళ్ళకూ, బిడ్డల జ్ఞానస్నానాలకూ వాళ్ళు అంత ఉత్సాహంగా వచ్చి నిలబడేది ఊరికే కాదు.

పురితది బతంగాస్ సముద్రపు ఒడ్డున లెమెరీ. చేపలు ఎండబెట్టే ఇంటి పిల్ల. చదువు హైస్కూలుతో ఆగింది. కేసోన్ సిటీలో విదేశీ సన్యాసినులు ఉండే మఠంలో బట్టలుతికే పనికి వచ్చింది. ఆ సన్యాసినులకు ఇక్కడి భాష కావాలి. పుస్తకం పట్టుకుని కూర్చుంటే నోరు తిరగడం లేదు. పెరట్లో పురిత తనలో తాను మాట్లాడుకుంటూ బట్టలు పిండుతుంటే వాళ్ళొచ్చి పక్కన చేరారు. ఆమె ఒక మాట అంటే వాళ్ళు తిరిగి అనేవారు. తప్పంటే ఆమె నవ్వేది, వాళ్ళూ నవ్వేవారు. అలా ఉతుకుతూ ఉతుకుతూ టీచరైంది. ఆ మఠానికి బియ్యం, కూరలు సరఫరా చేసే సియోనీ ఈ తమాషా చూసింది. యూనివర్సిటీ దగ్గర ఒక మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని స్కూలు పెట్టింది. మొదటి టీచరు పురితే.

ఆమె పాఠం కుర్చీతో మొదలయ్యేది. తరగతిలో అన్నీ ప్లాస్టిక్ కుర్చీలు, ఒక్కటి మాత్రం పేము కుర్చీ, వీపు ఎత్తుగా, చేతులు వెడల్పుగా. ఇండొనేసియాలోని ఫ్లోరెస్ దీవి నుంచి వచ్చిన సిస్టర్ యోసెఫా మొదటి రోజు దాంట్లో కూర్చోబోతే పురిత ఆపింది.

“ఆగు సిస్టర్, ఆ కుర్చీ నీకింకా ఇవ్వలేదు.”

“మరి ఎవరిది?”

“అదే ఇవాళ్టి పాఠం. మా వాక్యం అంటే ఒక విందు అనుకో. గుమ్మంలోకి ముందొచ్చేది పని. కొన్నది, తిన్నది, ఏడ్చింది, ఏదైనా సరే, ముందు ఏం జరిగిందో చెప్పెయ్యాలి. ఎవరు, ఏమిటి, ఎక్కడ అన్నవాళ్ళంతా వెనకాల వస్తారు. మీరు నోరు తెరిస్తే చాలు, నేను, నేను అంటారు. ఇక్కడ నేను నేను అని ముందు దూరావనుకో, పిలవని పేరంటానికొచ్చినట్టుంటుంది.”

సిస్టర్ నవ్వింది. పురిత సంచిలోంచి ఎండుచేపల పొట్లం తీసింది.

“మా అత్త బజారుకెళ్ళి చేపలమ్మ దగ్గర మామ్మ కోసం ఈ చేప కొంది. జరిగింది ఒకటే పని. కానీ ఈ మంచి కుర్చీ ఒక్కరికే. అత్తను కూర్చోబెడితే ‘బుమిలి’ అంటాం. చేపను కూర్చోబెడితే ‘బినిలి’. చేపలమ్మను కూర్చోబెడితే ‘బినిల్హాన్’. మామ్మను కూర్చోబెడితే ‘ఇబినిలి’. కుర్చీలో ఎవరున్నారో చూసుకుని పని తన గౌను మార్చుకుంటుంది. అంతే. ఇందులో భయపడ్డానికేం లేదు.”

వాక్యమంతా అయ్యాక చివర్న తీరిగ్గా క్రియను కూర్చోబెట్టే మన తెలుగువాళ్ళకు ఇది తలకిందులు వ్యవహారం. సిస్టర్ యోసెఫాకు తల మరోలా తిరిగింది.

“చేపను కుర్చీలో పెడితే మీ అత్త ఏమైపోతుంది టీచర్?”

“పక్కన నించుంటుంది.”

“పాపం, పెద్దావిడ!”

“పాపమేముంది సిస్టర్, కాళ్ళున్నాయిగా. కాకపోతే ఎవరూ ఆమెకేసి చూడరు.”

ఎండుచేపల పొట్లం పేము కుర్చీలో దర్జాగా కూర్చుంటుంది. సిస్టర్ చెబుతుంది, పురిత దిద్దుతుంది. మళ్ళీ చెబుతుంది, మళ్ళీ దిద్దుతుంది. ఒక్కో క్రియకు నాలుగు గౌన్లు. వాటికి జరిగింది, జరుగుతోంది, జరగబోతోంది అనే కుట్లు వేరే. పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఒకరి తర్వాత ఒకరు. పాఠం చెప్పేవాళ్ళ పనిముట్టు గొంతే కదా. పనిముట్టు అరిగితే యజమాని కొత్తది కొంటాడు. గొంతు అరిగితే?

ఆ వర్షాకాలంలో పురిత గొంతు బొంగురుపోయింది. అల్లం కషాయం తాగింది. ఉప్పునీళ్ళు పుక్కిలించింది. తానుండే నోవాలిచెస్ నుంచి స్కూలుకు రెండు జీప్నీ బండ్లు మారాలి, ఆ పొగలో మెడకు తువ్వాలు చుట్టుకుని, కునికిపాట్లు పడుతూ వచ్చేది. మధ్యాహ్నానికి మాట గాలిలా వచ్చేది. చివరికి ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుంటే, స్వరతంతువుల మీద బుడిపెలు లేచాయన్నారు.

“మాట్లాడకూడదమ్మా. గుసగుసగా కూడా వద్దు. కొన్ని నెలలు పూర్తిగా మౌనం,” అంది డాక్టరు.

“మాట్లాడకపోతే తిండెలాగ డాక్టర్?”

“సెలవు పెట్టండి. టీచరంటున్నారుగా, జబ్బు సెలవుంటుందిగా?”

జబ్బు సెలవు శాశ్వత ఉద్యోగులకుంటుంది. బీమా కూడా నెలనెలా క్రమంగా కట్టినవాళ్ళకే పనికొస్తుంది. పురిత బీమా ఐదు నెలలకోసారి తెగిన దారంలా ఉంది. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఆమె జీవితంలో మొదటిసారి ఒక సంగతి తేల్చుకుంది. ఈసారి అడగాలి. రెగ్యులర్ చేస్తే గొంతు దక్కుతుంది. చేయకపోతే గొంతైనా పోవాలి, కూడైనా పోవాలి.

మర్నాడు డైరెక్టరు గదిలోకి వెళ్ళింది.

“మారే, ఒక్క మాట.”

“ఒక్కటేంటే, వంద చెప్పు. ముందు ఈ బన్ను తిను, వెన్న దండిగా రాశాడు.”

“ఈసారి నన్ను రెగ్యులర్ చెయ్యి మారే.”

సియోనీ పకపకా నవ్వింది. “నీకూ నాకూ మధ్య రెగ్యులరేంటి? నువ్వు ఈ స్కూలుకి గోడలాంటిదానివి. గోడకెవరైనా ఆర్డరు కాగితం ఇస్తారా?”

“గోడకి గొంతునొప్పి రాదు.”

“అబ్బో, మాటలు నేర్చావే! సరే గానీ, లిగాయాకి డెంగ్యూ వచ్చినప్పుడు ఆసుపత్రిలో మంచం ఎవరు ఇప్పించారు?”

“నువ్వే.”

“రక్తం కోసం వానలో ఎవరు తిరిగారు?”

“నువ్వే మారే.”

“నేనెప్పుడైనా ఆ మాటెత్తానా?”

ప్రతి ఐదో నెలా ఎత్తావు అనలేదు పురిత. బన్ను కాగితంలో చుట్టుకుని లేచింది. సియోనీ లేచి వచ్చి భుజం నిమిరింది.

“చూడు, నీ గొంతు నాక్కూడా ముఖ్యమే. ఇంట్లో కూర్చుని బాగా రెస్ట్ తీసుకో. నీ విందు వచ్చే శుక్రవారమే పెట్టించేస్తాను, సరేనా? బాగయ్యాక నువ్వే ఫోన్ చెయ్యి.”

ఈసారి ఐదు నెలలు కూడా నిండలేదు. కేకు తిన్నారు, ఫోటో దిగారు. పక్క తరగతిలో పాఠం చెప్పే దుల్సే అనే పిల్ల మాత్రం ఫోటోలోకి రాలేదు. స్కూల్లో కొత్తగా చేరింది, మొదటి విందు తనకింకా రాలేదు. మెట్ల మీద పురితను పట్టుకుంది.

“ఆతే పురి, కేకు మీద పేరు రాయించుకున్నది చాలదా? ఆర్డరు మీద రాయించుకోరా?”

అక్కా అని పిలిచినదాన్ని కసురుకోలేక పురిత మెల్లగా అంది. “నీ కూతురికి ఆవిడ జ్ఞానతల్లి కాదు కాబట్టి నీకు నోరు లేస్తోంది.”

“నాకసలు కూతురే లేదుగా!”

“అదే నీ అదృష్టం. కలిగితే మాత్రం ఆవిడ్ని పిలవకు.”

దుల్సే వదల్లేదు. రోజూ నోవాలిచెస్ వచ్చేది. కార్మిక కార్యాలయంలో కేసు పెడితే ఏమవుతుందో, పెట్టకపోతే ఏమవుతుందో చెప్పేది. పురిత సగం వినేది, సగం నిద్రపోయేది. చివరికి లిగాయా ఒకరోజు పనినుంచి వచ్చి చెప్పులు విసిరేసి తల్లిని పిలిచింది. “నాయ్, నన్నూ తీసేశారు. నా ఐదు నెలలూ అయిపోయాయి.” పురిత ఆ చెప్పులు తీసి గుమ్మం పక్కన పెట్టింది. తర్వాత తువ్వాలు మెడకు చుట్టుకుని, దుల్సేతో కేసు పెట్టడానికి బయల్దేరింది.

కార్మిక కార్యాలయంలో ముందు రాజీకి కూర్చోబెడతారు. ఇద్దర్నీ ఒక బల్ల దగ్గర ఎదురెదురుగా. కుదిరితే అక్కడే తెగిపోతుంది. కుదరకపోతే తీర్పు చెప్పే అధికారి దగ్గరికి పంపుతారు.

రాజీకి పిలిచిన రోజు ఉదయం లిగాయా నిద్రలేచేసరికి ఇల్లంతా కొబ్బరిపాలు, బెల్లం వాసన. పురిత పొయ్యి దగ్గర నిలబడి బికో కలుపుతోంది. జిగురుబియ్యంతో చేసే ఆ తీపి ముద్దను సియోనీ ఎంత ఇష్టంగా తింటుందో ఇంట్లో అందరికీ తెలుసు.

“నాయ్! ఏం చేస్తున్నావ్? పండక్కెళ్తున్నావా, కేసుకెళ్తున్నావా?”

పురిత గరిటె తిప్పింది.

“ఆవిడ మీద కేసు పెట్టి ఆవిడకే తీపి వండుతున్నావా? నీకు మతి గానీ పోయిందా?”

డాక్టరు వద్దన్న గుసగుసతోనే పురిత అంది. “నీ జ్ఞానతల్లిని చూడ్డానికి ఖాళీ చేతుల్తో ఎలా వెళ్ళనే? జనం ఏమనుకుంటారు?”

“జనం కాదు నాయ్, అక్కడుండేది జడ్జీలాంటాయన!”

“ఆయన మాత్రం తినడా?”

దీన్ని తెలివితక్కువతనం అనేవాళ్ళు ఇక్కడ ఒక్క ఏడాది బతికి చూడాలి. ఎవరింటికైనా, ఎవరి ముందుకైనా, శత్రువు గడపలోకైనా ఒట్టి చేతుల్తో పోవడం ఇక్కడి మనుషుల చేత కాదు. ఆ మంచితనాన్ని వాడుకోవడం మాత్రం కొందరికి బాగా చేతనవును.

సియోనీ ముందే వచ్చి కూర్చుంది. పక్కన నల్లసంచీతో వకీలు. లిగాయా, దుల్సేలతో లోపలికొచ్చిన పురితను చూడగానే లేచి రెండు చేతులూ చాచింది. ఇద్దరూ చెంపకు చెంప ఆనించారు. బల్ల మీద బికో డబ్బా పెట్టి, పైన కప్పిన అరిటాకు తీయగానే గదంతా కమ్మటి వాసన. రాజీ అధికారి నడివయసు మనిషి, పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చినట్టున్నాడు.

“తీసుకోండి సార్, మా మారే చేతి బికో అంటే లెమెరీ మొత్తం పడి చస్తుంది,” అని సియోనీయే కోసి ఆయనకు పెట్టింది. వకీలు తిన్నాడు. గుమస్తా తిన్నాడు. సియోనీ రెండో ముక్క తీసుకుంది. దుల్సే చేతులు కట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది.

“చూశారా సార్,” అన్నాడు వకీలు వేళ్ళు తుడుచుకుంటూ. “ఎక్కడైనా అన్యాయమైపోయిన పనిమనిషి యజమానికి తీపి వండి తెస్తుందా? వీళ్ళది ఉద్యోగ సంబంధం కాదు. కుటుంబం. గ్యారేజీలో పాఠాలంటారు, అదీ అంతే, స్నేహితురాలికి చేసిన సాయం.”

సియోనీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “దాని బిడ్డని నా బిడ్డలా ఎత్తుకున్నాను సార్. ఎవరో దీని చెవిలో విషం పోశారు.” ఆ ఎవరో అన్నప్పుడు చూపు దుల్సే మీద పడింది.

“నన్నెందుకు చూస్తారు మామ్? విషం పోసేదాన్నయితే మీరు తింటున్న ముక్కలోనే పోసేదాన్నిగా,” అంది దుల్సే.

గుమస్తాకు నవ్వాగక దగ్గొచ్చింది. అధికారి నోట్లో బికో పెట్టుకునే అన్నాడు. “ఏవమ్మా పురితా, ఇంత దగ్గరివాళ్ళు, ఇంట్లో మాట్లాడుకోకూడదూ? ఇంతకీ నువ్వేమంటావు?”

పురిత నోరు తెరిచింది. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. ఏదో గీసుకుపోయిన శబ్దం.

“ఏంటి? వినపడ్డం లేదు.”

సియోనీ ముందుకు వంగి పురిత చెయ్యి పట్టుకుంది. “పాపం, గొంతు బాలేదు సార్. నేను చెప్తాను. దాని మనసు నాకు తెలీదా? ఏమంటోందంటే, గొడవలు అక్కర్లేదు, బాగయ్యాక మళ్ళీ వచ్చి పాఠాలు చెప్పుకుంటానంటోంది. అంతే కదే?”

అధికారి కలం తీశాడు. ఆ మాట కాగితం మీద పడితే అక్కడితో ఆఖరు.

పురిత తన చెయ్యి విడిపించుకుంది. ఎంత మెల్లగా విడిపించుకుందంటే, ఎవరూ గమనించలేదు. తర్వాత సియోనీ ముందున్న సగం కొరికిన ముక్కను డబ్బాలో వేసి, డబ్బాను తనవైపు లాక్కుంది. అరిటాకు కప్పింది. డబ్బా మూత నొక్కింది. సంచిలో పెట్టుకుంది.

గది గదంతా బిగుసుకుపోయింది. పెట్టిన తిండిని ముందు నుంచి తీసేయడం ఇక్కడ చెంపదెబ్బ కంటే పెద్దది. అలాంటిది ఎవరూ చేయరు. చేస్తారని ఊహించరు కూడా. గుమస్తా నములుతున్నది నమలడం మానేశాడు.

“మారే?” అంది సియోనీ. ఆమెకు నిజంగానే అర్థం కాలేదు.

పురిత లేచి బల్ల చుట్టూ తిరిగి అధికారి పక్కకు వెళ్ళి, ఆయన చెవి దగ్గర వంగింది. గుసగుసే అయినా అంత నిశ్శబ్దంలో అందరికీ వినిపించింది.

“మామ్ సియోనీ తప్పు చెప్తున్నారు సార్. స్కూల్లో చేసిందీ పనే. గ్యారేజీలో చేసిందీ పనే. నేను వాళ్ళ ఉద్యోగిని.”

కేసు మాటకొస్తే అది పెద్ద వాదనేం కాదు. కానీ సియోనీ మొహంలో రంగు పోయింది. కూతురి జ్ఞానస్నానం నాటి నుంచి పురిత నోట ఆమెకు మారే తప్ప ఇంకో పిలుపు లేదు. మామ్ అన్నది, స్కూల్లో తుడిచేవాళ్ళు అన్నట్టు, గేటు దగ్గర కాపలావాడు అన్నట్టు. ఆ ఒక్క పిలుపుతో ఇద్దరి మధ్యా ఉన్న చుట్టరికం లేచి బయటికి వెళ్ళిపోయింది. మిగిలింది యజమాని, ఉద్యోగి.

అధికారి మూతి తుడుచుకున్నాడు. కొంచెం సిగ్గుపడ్డట్టే ఉన్నాడు. ‘రాజీ కుదరలేదు’ అని రాసి, కేసును పైకి పంపాడు.

తిరుగు ప్రయాణంలో జీప్నీలో ముగ్గురూ ఇరుక్కుని కూర్చున్నారు. బయట వాన. దుల్సే ఉత్సాహం ఆపుకోలేకపోయింది.

“ఆతే, ఏం చేశారండీ! ఆవిడ మొహం చూశారా? గెలిచినట్టే మనం!”

పురిత కళ్ళు మూసుకునే తలూపింది. అవుననో కాదనో తేలని ఊపు.

“నాయ్, ఏమనిపిస్తోంది?” లిగాయా అడిగింది.

“నిద్రొస్తోంది,” అంది పురిత.

గెలవలేదు ఇంకా. ఇది రాస్తున్న నాటికి కేసు నడుస్తూనే ఉంది. పురిత మౌనం పాటిస్తోంది, బుడిపెలు కాస్త తగ్గాయన్నారు. లిగాయా మరో దుకాణంలో మరో ఐదు నెలలకు చేరింది. దుల్సే విందు లేకుండానే స్కూల్లోంచి బయటికొచ్చింది. సియోనీ తరఫువాళ్ళు తమ జవాబులో ఒక్క మాటనే పట్టుకుని కూర్చున్నారు. ఈమె ఎప్పుడూ వరుసగా ఐదు నెలలు మించి పని చేయలేదు, మధ్య నెలల్లో చేసింది సొంత ఇష్టంతో, స్నేహంతో. కాదని తేలాలంటే, ఆ నెలల్లో ఆ గ్యారేజీలో ఎవరు కూర్చున్నారో, ఫీజు ఎవరి చేతికిచ్చారో, పాఠం ఎవరు చెప్పారో చెప్పగలిగేవాళ్ళు కావాలి. అది చెప్పగలిగింది ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళే.

వాళ్ళు చాలామందే ఉన్నారు. సన్యాసినులు, వ్యాపారులు, ఇక్కడి అమ్మాయిల్ని పెళ్ళాడినవాళ్ళు, ఆసుపత్రుల్లో రోగులతో మాట్లాడ్డానికి నాలుగు ముక్కలు కావలసిన వైద్య విద్యార్థులు. భాష వచ్చాక ఎవరి దారిన వాళ్ళు పోయారు. దుల్సే వెతికి వెతికి కొందరికి కబురు పెట్టింది. సిస్టర్ యోసెఫా సాక్ష్యం చెబుతానంది గానీ, మఠం పెద్దావిడ ఇలాంటివాటిలో తలదూర్చొద్దందట. ఇంకొకాయన చాలా మర్యాదగా, టీచర్‌కు నా నమస్కారాలు అని మాత్రం రాశాడు. ఒక్క కొరియా కొట్టు యజమాని మాత్రం దుకాణం మూసి వచ్చి సంతకం పెట్టి వెళ్ళాడు.

పురితను అడగమంటే అడగదు. “పాపం, వాళ్ళకేం తెలుసు? నేర్చుకోడానికొచ్చారు, నా తగువులు మొయ్యడానికా?” అని కాగితం మీద రాసి చూపిస్తుంది. అందుకని ఆమె బదులు నేను అడుగుతున్నాను.

మీరు ఎప్పుడైనా, ఎక్కడైనా, ఏ భాషైనా, ఏ విద్యైనా ఇలాంటి టీచరు దగ్గర నేర్చుకుని ఉంటే ఆమె ఉద్యోగం ఎలాంటిదో కనుక్కోండి. మన ఊళ్ళలోని కాలేజీల్లో, కోచింగ్ సెంటర్లలో కూడా ఏటేటా కొత్తగా చేరినట్టు సంతకాలు పెడుతున్న పాతవాళ్ళున్నారు. వాళ్ళలో ఒకరు మీకో, మీ పిల్లలకో పాఠం చెప్పే ఉంటారు. ఏ రోజుల్లో చెప్పారో, ఎక్కడ కూర్చోబెట్టి చెప్పారో, ఫీజు ఎవరు తీసుకున్నారో ఒక కాగితం మీద రాయండి. కింద మీ పేరు, చిరునామా రాసి సంతకం పెట్టి ఆ టీచరు చేతిలో పెట్టండి. ఎప్పుడో కేసు పడ్డాక చూద్దామనుకోకండి, అప్పటికి మీరు మరో ఊళ్ళో ఉంటారు. ఆమె అడిగేదాకా కూడా ఆగకండి. ఆమె అడగదు.